హైదరాబాద్ ఆఫ్‌స్పిన్ గద్దె ఎవరిది?

హైదరాబాద్ రంజీ జట్టు చరిత్రలో గొప్ప బ్యాటర్ ఎవరని అడిగితే జయసింహ, అజహరుద్దీన్, లక్ష్మణ్ పేర్ల మధ్య కాసేపు ఊగిసలాడినా జనం ఎక్కడో ఒకచోట ఆగుతారు. గొప్ప ఆఫ్‌స్పిన్నర్ ఎవరని అడిగితే మాత్రం ఆగరు. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్, కన్వల్జీత్ సింగ్. పేర్లు నాలుగు, పక్షాలూ నాలుగే. ఒక్కో పక్షం తనకు కలిసొచ్చే కొలబద్దను పట్టుకొని మాట్లాడటంతో ఈ తగవు ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఇలాంటి తగవులు అన్నిచోట్లా ఉన్నవే. అమెరికాలో ప్రతి బాస్కెట్‌బాల్ జట్టు అభిమానులూ తమ పాయింట్ గార్డుల్లో మేటి ఎవరని కొట్లాడుకుంటారు. లాస్ ఏంజెలెస్ లేకర్స్ లాంటి జట్టుకు మ్యాజిక్ జాన్సన్ పేరు చెప్పగానే చాలామంది నోరు మూస్తారు. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్‌కు అలా నోరు మూయించే పేరు లేదు, లేదా ఉన్నా ఒప్పుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. పాయింట్ గార్డు లాగే ఆఫ్‌స్పిన్నర్‌ది కూడా ఆట వేగాన్ని చేతిలో పెట్టుకునే స్థానం. ఆబిద్ అలీ, గోవిందరాజ్ లాంటి సీమర్లు కొత్త బంతి పని ముగించాక, ఎండ ముదిరి పిచ్ పొడిబారాక, ఒక ఎండ్ మొత్తం ఆయన సొంతమయ్యేది. షార్ట్‌లెగ్ ఎంత దగ్గరగా నిలబడాలో, మిడాన్ ఎంత వెనక్కి పోవాలో, సాయంత్రానికి ప్రత్యర్థి స్కోరు ఎంతుండాలో చాలావరకు ఆయన వేళ్లే తేల్చేవి.

కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో ఆడుకుంటూ పెరిగిన వాళ్లకు కూడా రంజీ జట్టంటే హైదరాబాదే. ఆంధ్రకు 1953-54 నుంచి వేరే జట్టుంది. ఉత్తర తెలంగాణ పాఠకుడికి ఈ తగవు పరాయిది కాదు. పూర్తిగా సొంతమా అంటే, అదీ చెప్పలేం.

తగవు ఎట్లా ముదిరింది

హైదరాబాద్ 1934-35లో రంజీ మొదటి సీజన్ నుంచే ఆడుతోంది. 1937-38లో నవానగర్‌ను ఒక్క వికెట్ తేడాతో ఓడించి కప్పు గెలిచింది. ఆ తర్వాత రెండేళ్లకు, 1939-40లో, గులాం అహ్మద్ అనే పదిహేడేళ్ల కుర్రవాడు మద్రాసు మీద తొలి మ్యాచ్ ఆడి తొమ్మిది వికెట్లు తీశాడు. అప్పటి నుంచి 1958-59 దాకా ఈ ప్రశ్నే లేదు. హైదరాబాద్ ఆఫ్‌స్పిన్ అంటే గులాం, గులాం అంటే హైదరాబాద్ ఆఫ్‌స్పిన్.

ఆయన తప్పుకున్నాక ఇరవై ఏళ్లపాటు హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ ఎవరూ టెస్టు ఆడలేదు. ఇండియా జట్టులో ఆ చోటు కోసం మైసూరు ప్రసన్న, మద్రాసు వెంకటరాఘవన్ ఇద్దరే పోటీ పడుతున్నారు. మూడో మనిషికి సందు లేదు. 1979 సెప్టెంబరులో బెంగళూరులో ఆస్ట్రేలియా మీద శివలాల్ యాదవ్ వెంకటరాఘవన్ స్థానంలో దిగడంతో ఆ ఖాళీ నిండింది.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. శివలాల్, అర్షద్, కన్వల్జీత్ ముగ్గురూ 1957, 58 సంవత్సరాల్లోనే పుట్టారు. ఒకే నగరం, ఒకే తరం, ఒకే రకం బౌలింగ్. ఒక జట్టులో ఇద్దరు ఆఫ్‌స్పిన్నర్లకు చోటివ్వడమే ఎక్కువ, ముగ్గురు దొరకడం వరమో శాపమో చెప్పలేం. ఎడమచేతి వాటం వెంకటపతి రాజు, లెగ్‌స్పిన్ వేసే ఎం.వి. నరసింహారావు కూడా ఉన్న జట్టది. 1980ల హైదరాబాద్‌లో బౌలింగ్ చోటు దొరకడమే ఒక పరీక్ష. మూడు పక్షాలు పుట్టింది అక్కడే. గులాం కాలం నాటి అభిమానులు నాలుగో పక్షంగా మిగిలిపోయారు.

గులాం పక్షం

ఈ పక్షం వాదనకు రెండు కాళ్లు. మొదటిది అంకె: 98 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో 407 వికెట్లు, సగటు 22.57. ఆ అంకె బరువు తెలియాలంటే ఆ కాలం రంజీని చూడాలి. విజయ్ హజారే, గుల్ మహమ్మద్ 1946-47 ఫైనల్లో 577 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పిన రోజులవి. 1948లో నింబాల్కర్ 443 నాటౌట్ కొట్టాడు. పరుగులు వరదలా పారిన దశాబ్దంలో వికెట్‌కు 22 పరుగులే ఇవ్వడం మామూలు సంగతి కాదు.

రెండోది ఓపిక. 1950-51లో ఇండోర్‌లో సి.కె. నాయుడి హోల్కర్ జట్టు మీద ఆయన ఒకే ఇన్నింగ్స్‌లో 92.3 ఓవర్లు, అంటే 555 బంతులు వేశారు. 245 పరుగులిచ్చి 4 వికెట్లు. ఫస్ట్‌క్లాస్ ఇన్నింగ్స్‌లో ఒకే బౌలర్ అన్ని బంతులు వేయడం అప్పటికి ప్రపంచ రికార్డు. 1957లో వెస్టిండీస్ స్పిన్నర్ రామదీన్ 588 బంతులు వేసేదాకా అది నిలిచింది. ఈ గణాంకాన్ని గొప్పగా చెప్పుకునే వాళ్లు, ఇంత బాదించుకున్నాడేంటని నవ్వే వాళ్లు కూడా ఉన్నారు. నా లెక్కలో ఇది బౌలర్ గురించి కన్నా జట్టు గురించి ఎక్కువ చెప్తుంది. బంతి ఇవ్వడానికి కెప్టెన్‌కు మరో మనిషి కనిపించలేదు. ఆయన కూడా వద్దనలేదు.

టెస్టుల్లో ఆయనవి 22 మ్యాచ్‌లు, 68 వికెట్లు, సగటు 30.17. మొదటి టెస్టు, చివరి టెస్టు రెండూ కలకత్తాలో వెస్టిండీస్ మీదే, సరిగ్గా పదేళ్ల తేడాతో. మద్రాసులో 1952 ఫిబ్రవరిలో ఇండియా తన మొట్టమొదటి టెస్టు విజయం అందుకున్నప్పుడు వినూ మన్కడ్ 12 వికెట్ల పక్కన రెండో ఇన్నింగ్స్‌లో గులాం 77 పరుగులకు 4 వికెట్లు తీశారు. ఆ విజయం పూర్తిగా మన్కడ్ పేరనే రాసి ఉంది, న్యాయంగానే. కానీ రెండో ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ వికెట్లను ఇద్దరూ చెరి నాలుగు పంచుకున్నారన్నది తరచూ మరిచిపోయే మాట. అదే ఏడు ఇంగ్లండ్ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లన్నీ కలిపి 80 వికెట్లు తీశారు, లీడ్స్ టెస్టులో ఐదు. ఢిల్లీలో పాకిస్తాన్ మీద పదకొండో బ్యాటర్‌గా వచ్చి అర్ధశతకం కొట్టి, హేమూ అధికారితో చివరి వికెట్‌కు 109 పరుగులు జోడించారు. బౌలర్ల వాదనలో బ్యాటింగ్ తేవడం ధర్మం కాదని ఈ పక్షం అంటుంది. ఈ ఒక్క విషయంలో ఆ ధర్మాన్ని పక్కన పెడుతుంది.

ఆయన కిరీటంలో మణిగా చెప్పేది 1956 కలకత్తా టెస్టు. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7, మ్యాచ్‌లో మొత్తం 10 వికెట్లు. ఎదుటి పక్షాలు ఇక్కడే ఒక ప్రశ్న వేస్తాయి. అది ఇంగ్లండ్‌లో ఆ వేసవి జిమ్ లేకర్ చేతిలో చిత్తయిన ఆస్ట్రేలియా జట్టు. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఒకే టెస్టులో 19, సిరీస్‌లో 46 వికెట్లు లేకర్‌కు ఇచ్చి, ఇంటికి పోతూ దారిలో ఇండియాలో ఆగింది. ఆఫ్‌స్పిన్ అంటేనే వణుకుతున్న బ్యాటర్ల మీద తీసిన ఏడు వికెట్లకు ఎంత విలువ ఇవ్వాలి? ప్రశ్న సబబే. అయితే అదే జట్టు ఆ టెస్టులో గెలిచింది కూడా. బెనో 11 వికెట్లు తీశాడు. ఓడిన జట్టులో పది వికెట్లు తీసిన బౌలర్‌కు ప్రత్యర్థి బలహీనత ఒక్కటే కారణమని చెప్పడం నాకు అతికినట్టు లేదు.

గులాం నగరానికి తొలి టెస్టు కెప్టెన్ కూడా. 1955 నవంబరులో ఫతే మైదాన్‌లో న్యూజిలాండ్ మీద జరిగిన హైదరాబాద్ మొదటి టెస్టుకు ఇండియా నాయకుడు ఆయనే. 1958-59లో మరో రెండు టెస్టులకు నాయకత్వం వహించారు. తర్వాత సెలక్షన్ కమిటీ అధ్యక్షుడిగా 1983 ప్రపంచకప్ జట్టును ఎంపిక చేసింది కూడా ఆయన కమిటీయే. ఇవన్నీ పెద్దరికాన్ని పెంచుతాయి, బంతి తిరగడాన్ని కాదు. గులాం పక్షం వాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

వంద వికెట్ల వాదన

శివలాల్ పక్షం ఒకే ఒక అంకెతో వాదన మొదలుపెట్టి అక్కడే ముగిస్తుంది: 102. టెస్టుల్లో వంద వికెట్లు దాటిన మొదటి హైదరాబాద్ బౌలర్ ఆయన. దేశం మొత్తంలో వంద దాటిన ఆఫ్‌స్పిన్నర్లు ప్రసన్న, వెంకటరాఘవన్, శివలాల్, హర్భజన్, అశ్విన్. అంతే, ఐదుగురు. ఆ వరుసలో తెలుగు నేల మీది పేరు ఇదొక్కటే. ఈ వాదన బలం తక్కువదేం కాదు.

మొదటి సిరీస్‌లోనే, 1979లో ఆస్ట్రేలియా మీద ఐదు టెస్టుల్లో 24 వికెట్లు తీశారు. అప్పుడే బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్‌ల శకం ముగిసింది. దిలీప్ దోషీతో కలిసి ఆ భారాన్ని మోసింది ఈ ఇరవై రెండేళ్ల కుర్రాడు. 1985-86లో సిడ్నీలో 99 పరుగులకు 5, 19 పరుగులకు 3 వికెట్లతో మ్యాచ్‌లో ఎనిమిది తీశారు. విదేశంలో, అందులోనూ ఆస్ట్రేలియాలో, హైదరాబాద్ స్పిన్నర్ చేసిన పనుల్లో దీన్ని ముందు వరుసలో పెట్టాలి. 1986 మద్రాసు టై టెస్టులోనూ ఆయన ఉన్నారు. ఆస్ట్రేలియా మొదటి ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు తీశారు. చివరి రోజు ఛేదనలో సిక్సరు కొట్టి, గెలుపుకు నాలుగు పరుగులుండగా తొమ్మిదో వికెట్‌గా వెనుదిరిగారు.

ఎదుటివాళ్లు సగటు ఎత్తి చూపుతారు: 35.09. వికెట్‌కు 35 పరుగులిచ్చే బౌలర్‌ను చరిత్రలో మొదటివాడని ఎట్లా అంటారని. 1980ల పిచ్‌లను, ఆ పిచ్‌ల మీద వరుసగా డ్రాగా ముగిసిన టెస్టులను గుర్తుచేసుకుంటే ఈ విమర్శ కొంత మెత్తబడుతుంది, పూర్తిగా పోదు. నాకు ఇంతకన్నా ఆసక్తి కలిగించే విషయం వేరే ఉంది. ఫతే మైదాన్‌లోని లాల్ బహదూర్ స్టేడియంలో మొత్తం మూడే టెస్టులు జరిగాయి: 1955, 1969, 1988. శివలాల్ టెస్టు జీవితం 1979లో మొదలై 1987 మార్చిలో బెంగళూరులో ముగిసింది. అంటే 35 టెస్టులు ఆడిన హైదరాబాదీ తన సొంతూళ్లో ఒక్క టెస్టు ఆడలేదు. హైదరాబాద్ జనం ఆయన్ను టెస్టు బౌలర్‌గా కళ్లతో చూడనే లేదు, రేడియోలో విన్నారు, టీవీలో చూశారు. గోదావరిఖనిలో ఉన్నవాడికీ, గన్‌ఫౌండ్రీలో ఉన్నవాడికీ ఈ విషయంలో తేడా లేదు.

కప్పు తెచ్చినవారి పక్షం

అర్షద్ అయూబ్ వాదులు మాటలు తక్కువ, గెలుపు ఎక్కువ అంటారు. హైదరాబాద్ ఇప్పటిదాకా రంజీ రెండుసార్లే గెలిచింది. రెండోది 1986-87లో, నరసింహారావు నాయకత్వంలో, కోట్లా మైదానంలో ఢిల్లీ మీద మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో. ఆ ఫైనల్లో అర్షద్ భారీ శతకం కొట్టారు. ఆ ఏడాదే, 1987 నవంబరులో, ఇండియాకు ఆడారు. 1988లో న్యూజిలాండ్ మీద మూడు టెస్టుల్లో 21 వికెట్లు తీశారు. మూడో టెస్టు హైదరాబాద్‌లోనే. శివలాల్‌కు దక్కనిది ఆయనకు దక్కింది. అదే ఏడాది ఢాకాలో ఆసియా కప్‌లో పాకిస్తాన్ మీద 21 పరుగులకు 5 వికెట్లు.

తర్వాత వెస్టిండీస్, పాకిస్తాన్ పర్యటనలు ఆ జోరును తగ్గించాయి. 13 టెస్టులతోనే ఆయన కథ ముగిసింది. ఆయన్ను గొప్ప ఆల్‌రౌండర్ కోవలో చేరిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆఫ్‌స్పిన్నర్లలో మొదటివాడనడానికి మాత్రం ఈ పక్షం చూపే సాక్ష్యంలో సగం బ్యాటుదే. కప్పు గెలిచింది పదకొండు మంది, దాన్ని ఒకరి ఖాతాలో రాసి వేలి కౌశలాన్ని కొలవడం కుదరదు.

ఇండియా టోపీ పెట్టని ఉస్తాద్

కన్వల్జీత్ సింగ్ పక్షం ఇటీవలి కాలంలో గట్టిపడింది, నా దృష్టిలో అందుకు కారణం ఉంది. ప్రశ్న హైదరాబాద్ జట్టు గురించి అయినప్పుడు ఇండియా స్కోరుకార్డు తెచ్చి జవాబు చెప్పడం ఎందుకు? రెండు దశాబ్దాలు హైదరాబాద్‌కు ఆడి, ఫస్ట్‌క్లాస్‌లో 350కి పైగా వికెట్లు తీసి, ఒక్క టెస్టు కూడా ఆడని మనిషి ఈ లెక్కలో ఎక్కడ నిలబడాలి?

ఆయన దారికి అడ్డం పడింది ప్రతిభ కాదు, వరుస. 1980లలో తన జట్టులోనే శివలాల్, అర్షద్ ముందున్నారు. వాళ్లిద్దరూ తప్పుకునేసరికి ఆయనకు ముప్పై దాటాయి. 1993లో ఇండియా కుంబ్లే, రాజు, చౌహాన్ ముగ్గురితో ఇంగ్లండ్‌ను చుట్టేసింది. ఆ చౌహాన్ ఆఫ్‌స్పిన్నరే. 1998 మార్చిలో పదిహేడేళ్ల హర్భజన్ వచ్చాడు. ఆ తర్వాతి 1998-99 రంజీ సీజన్‌లో నలభై ఏళ్ల పొద్దులో కన్వల్జీత్ 51 వికెట్లు తీశారు. ఆ వయసులో ఫ్లైట్ నమ్ముకుని, బ్యాటర్‌ను ముందుకు లాగి, షార్ట్‌లెగ్ చేతిలో పెట్టడం ఒక పాత విద్య. ఆ విద్య చూడటానికి మైదానానికి వచ్చిన వాళ్లు ఇవాళ్టికీ ఆ పేరు వదలరు.

హర్యానా రాజిందర్ గోయెల్ రంజీలో 637 వికెట్లు తీసి, బొంబాయి పద్మాకర్ శివల్కర్ ఫస్ట్‌క్లాస్‌లో 589 వికెట్లు తీసి ఒక్క టెస్టు కూడా ఆడలేదు. కన్వల్జీత్ వాదులు ఆయన్ను వాళ్ల పక్కన కూచోబెడతారు. అంకెల్లో ఆ స్థాయి కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. సగటు 28 ప్రాంతంలో ఉంటుంది, గులాం 22కు అది దూరమే. కానీ కన్వల్జీత్ బౌలింగ్ వేసింది సౌత్ జోన్‌లో, 1995-96, 1997-98, 1998-99లలో రంజీ గెలిచిన కర్ణాటక మీద. 1990ల నాటి పిచ్‌లు, బ్యాట్లు వేరు. దీన్ని లెక్కలోకి తీసుకుంటే దూరం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నదే వాదన.

1999-2000లో లక్ష్మణ్ సీజన్‌లో 1,415 పరుగులు చేసి హైదరాబాద్‌ను ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ముంబై చేతిలో ఓడింది. ఆ జట్టు గురించి మాట్లాడేవాళ్లు లక్ష్మణ్‌తో ఆగిపోతారు. ఆ దశాబ్దమంతా హైదరాబాద్ బౌలింగ్ ఎవరి చేతుల మీద నడిచిందన్నది రెండో ప్రశ్నగా కూడా ఎవరూ అడగరు.

అంకెలు పక్కపక్కన పెడితే

టెస్టు ఆడిన ముగ్గురినీ ఒక వరుసలో నిలబెడితే విచిత్రం ఒకటి బయటపడుతుంది. టెస్టుకు వికెట్ల చొప్పున చూస్తే గులాంకు 3.09, శివలాల్‌కు 2.91, అర్షద్‌కు 3.15. అంటే ముగ్గురూ ఒక్కటే. ఇన్ని దశాబ్దాల వాదనకు ఆధారం దశాంశ బిందువు తర్వాతి అంకెలు!

ఒక్కొక్కరి అతి పెద్ద ఘట్టాన్ని తీసేసి చూస్తే కొంత తేడా కనిపిస్తుంది. న్యూజిలాండ్ సిరీస్ తీసేస్తే అర్షద్‌కు మిగిలిన పది టెస్టుల్లో 20 వికెట్లు, టెస్టుకు రెండు. మొదటి సిరీస్ తీసేస్తే శివలాల్‌కు ముప్పై టెస్టుల్లో 78, టెస్టుకు 2.6. కలకత్తా పది వికెట్లు తీసేస్తే గులాంకు 21 టెస్టుల్లో 58, అంటే 2.76. ఇద్దరి నుంచి సిరీస్‌లు తీసి గులాం నుంచి ఒక్క టెస్టే తీయడం న్యాయం కాదని శివలాల్ వాదులు అనొచ్చు, అనాలి కూడా. అయినా నిలకడలో అర్షద్ వెనకపడ్డారని, మిగతా ఇద్దరూ దగ్గరగా ఉన్నారని ఒప్పుకోవచ్చు. సగటు చూస్తే గులాం 30.17తో ఐదు పరుగులు ముందున్నారు, శివలాల్, అర్షద్ ఇద్దరూ 35 దగ్గర దాదాపు సమానం.

టెస్టు అంకెలు తేల్చలేనిది దేశవాళీ అంకెలు తేలుస్తాయనే ఆశతో చూస్తే, 407 వికెట్లు 22.57 సగటుతో గులాం నిలుస్తారు. ఆయన తర్వాత, హైదరాబాద్ కోసం పడ్డ శ్రమనే కొలిస్తే, కన్వల్జీత్. ఇండియా లెక్కలో రెండో స్థానం శివలాల్‌ది, హైదరాబాద్ లెక్కలో కన్వల్జీత్‌ది. ఈ రెండు జాబితాలను ఒకటిగా కలిపేయడం వల్లనే ఈ తగవు ఇన్నేళ్లు సాగిందని నా అభిప్రాయం. గులాం పేరు రెండు జాబితాల్లోనూ మొదటే ఉంటుంది, కానీ ఆయన పక్షం చెప్పే కారణాల వల్ల కాదు. కెప్టెన్సీ, సెలక్షన్ కమిటీ, 1983 ఇవన్నీ పక్కన పెట్టినా ఉంటుంది.

ఇంకా తేలనివి

గులాం స్థానాన్ని కదిలించగల ప్రశ్నలు రెండున్నాయి. ఒకటి పిచ్. ఆయన కాలంలో దేశంలో చాలాచోట్ల మ్యాటింగ్ మీద ఆడేవారు. మ్యాటింగ్ మీద బంతి ఎత్తుగా లేస్తుంది, వేగంగా తిరుగుతుంది, వేళ్లతో తిప్పే బౌలర్‌కు అంతకన్నా ఏం కావాలి. ఆయన 407లో ఎన్ని మ్యాటింగ్ మీదివి, ఎన్ని మట్టి పిచ్‌ల మీదివి అని విడదీసి చూస్తేగానీ 22.57 సగటు అసలు విలువ తెలియదు. 1940ల పరుగుల వరదను చూపి ఆ సగటును పెంచేవాళ్లు, మ్యాటింగ్ చూపి తగ్గించేవాళ్లు ఇద్దరూ సగం సత్యమే చెబుతున్నారు.

రెండోది నియమాలు. 1950ల చివరి దాకా లెగ్‌సైడ్‌లో వెనక ఎంతమంది ఫీల్డర్లనైనా నిలబెట్టవచ్చు. లోపలికి తిరిగే బంతికి అది చేతికి అందిన ఆయుధం. ఆ తర్వాత ఇద్దరికి మించి కుదరలేదు. గులాం జీవితం దాదాపు మొత్తం పాత నియమం కిందే గడిచింది, మిగతా ముగ్గురిదీ కొత్త నియమం కింద. ఇంకోవైపు ముందు కాలు చాపి ప్యాడ్‌తో ఆడే బ్యాటర్లకు ఆ నలుగురి కాలంలోనూ అంపైర్లు ఎల్బీ ఇవ్వడానికి వెనకాడేవారు. 2008 తర్వాత సమీక్ష పద్ధతి వచ్చి ఆ రక్షణను తీసేసింది. ఆ లాభం అశ్విన్ తరానికి దక్కింది. హైదరాబాద్ నలుగురిలో ఒక్కరికీ దక్కలేదు.

పాలన మరో చిక్కు. గులాం, శివలాల్, అర్షద్ ముగ్గురూ తర్వాత క్రికెట్ పాలనలోకి వెళ్లారు. 2014లో సుప్రీంకోర్టు ఐపీఎల్ బాధ్యత సునీల్ గవాస్కర్‌కు, బోర్డు మిగతా వ్యవహారాలు శివలాల్‌కు అప్పగించింది. అర్షద్ హైదరాబాద్ క్రికెట్ సంఘానికి అధ్యక్షుడయ్యారు. పదవుల్లో ఉన్నప్పుడు వచ్చిన మెప్పు, విమర్శ రెండూ వాళ్ల బౌలింగ్ అంచనాలోకి చొరబడ్డాయి. ఎవరైనా శివలాల్ గురించి మాట్లాడుతుంటే రెండో నిమిషంలో సిడ్నీ పోయి సంఘం ఎన్నికలు వస్తాయి. కన్వల్జీత్‌కు ఈ బరువు తక్కువ, బహుశా ఆయన పక్షం పెరగడానికి అదీ ఒక కారణం.

జిల్లాల నుంచి చూసేవాడికి తట్టే ప్రశ్న ఒకటి ఉంది, నగరంలో వాదించేవాళ్లు అంతగా పట్టించుకోనిది. నలుగురూ జంటనగరాల క్లబ్బుల్లోంచి వచ్చినవాళ్లే. సంఘం పరిధి ఆదిలాబాద్ దాకా ఉన్నా, వెతికింది ఎక్కువగా మూసీ, హుస్సేన్ సాగర్ పరిసరాల్లోనే. బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం కాలనీల్లో సింగరేణి మైదానాలు ఉన్నా, పిచ్ మీద బంతి తిప్పగలిగే కుర్రవాడు రంజీ సెలక్టర్ కంటబడటం అరుదు. అందుకే ఈ తగవు హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్లలో మేటి ఎవరన్నదానికన్నా, నగరం క్లబ్బుల్లో మేటి ఎవరన్నదానికి దగ్గరగా ఉంటుంది. 1989లో అర్షద్ చివరి టెస్టు ఆడాక నగరం నుంచి రాజు, ఓఝా, సిరాజ్ లాంటి బౌలర్లు ఇండియాకు వెళ్లారు. వాళ్లలో ప్రధాన ఆఫ్‌స్పిన్నర్ ఒక్కడూ లేడు.

ఇక తేల్చడానికి వీలున్నది ఒకటి మిగిలింది. 1980లలో హైదరాబాద్ తరఫున ఈ ముగ్గురిలో ఇద్దరు కలిసి బౌలింగ్ వేసిన రంజీ మ్యాచ్‌ల స్కోరుకార్డులున్నాయి. అదే పిచ్, అదే ప్రత్యర్థి, అదే రోజు. కాలం, నియమం, మ్యాటింగ్ అనే సాకులేవీ అక్కడ పనిచేయవు. ఆ ఇన్నింగ్స్‌లను మాత్రమే ఏరి, ఎవరికి ముందు బంతి ఇచ్చారు, ఎవరు ఎన్ని ఓవర్లు వేశారు, పైవరుస బ్యాటర్లను ఎవరు పడగొట్టారు, తోకను ఎవరు తుడిచారు అని వరుసగా రాస్తే శివలాల్, అర్షద్, కన్వల్జీత్‌ల మధ్య లెక్క చాలావరకు తేలిపోతుంది.